రంగు దిగదన్న వెంకటరాజం

చిట్యాలకు అవతల మా సాలెల వాడలో నూలుకు రంగు వేయించాలంటే వెంకటరాజం ఇంటికే పోవాలి. మనిషి మంచివాడే, గొప్పలే కాస్త ఎక్కువ. రంగేసిన నూలు చిలపలు చేతికిస్తూ ప్రతిసారీ ఒకటే మాట: "చీర చినిగిపోవాలె గని, నా రంగు సుక్క దిగది." ఆ మాట మీదే ఆయన కాగు కింద పొయ్యి మండేది.

అరవై రెండులోనో మూడులోనో పంచాయతీ సమితి నుంచి కొత్త శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సైకిలు దిగి, ప్యాంటు పైకి మడుచుకొని, మోరి వెంబడి నడిచాడు. మోరిలో నీళ్లు ఎర్రగా పారుతూ పోయి చేదబావి గట్టు దగ్గర మడుగు కట్టాయి. ఆ ఎరుపు ఎక్కడ మొదలైందా అని చూస్తే వెంకటరాజం గోడ తూము కనబడింది.

"ఈ నీళ్లు నీయేనా?"

వాడంతా గుమ్మాల్లోకి వచ్చింది. అందరూ ఆయన దగ్గర రంగు వేయించుకునేవాళ్లే. వెంకటరాజం వాళ్ల మొహాలు చూశాడు. అవునంటే, రంగు దిగుతుందని తానే చాటినట్టు. ఇరవై ఏళ్ల పేరు ఒక్క మాటతో పోతుంది.

"నాయి గావు సార్. నా రంగు దిగనే దిగది. ఎవర్నన్న అడుగుండ్రి."

"మంచిది. నీయి కానప్పుడు గీ తూము నీకెందుకు?"

అప్పటికప్పుడు మనిషిని పిలిపించి, తూముకు రాయి పెట్టించి, సున్నం మెత్తించాడు. "నీకేం నష్టం లేదు గద?" అని అడిగాడు కూడా. "ఏం లేదు సార్" అన్నాడు మహానుభావుడు.

నష్టమంతా ఆయన భార్య ఆండాళుకు. నూలు జాడించిన నీళ్లు ఎక్కడ పోయాలి? బిందెలకెత్తి ఊరవతల తుమ్మల దాకా మోసింది. ఎదురొచ్చిన ఆడవాళ్లు ఊరుకుంటారా? "ఏందక్కా, మేము నీళ్లు తెస్తాంటే నువ్వు కొంటవోతున్నవు?" నాలుగో రోజు నడివాడలో బిందె దించేసి మొగుణ్ని కేకేసింది.

"ఏమయ్యా! నీ రంగు దిగదంటివి గద. నేను నెత్తి మీద మోస్తున్నదేంది, దానిమ్మపండ్ల రసమా? నువ్వన్న తాగు, లేకుంటె సార్‌తోని నిజమన్న జెప్పు!"

తాగడం కన్నా చెప్పడమే నయమనుకున్నాడు. వారం తిరిగి ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు, మళ్లీ వాడంతా చూస్తుండగా, తల వంచుకొని అన్నాడు: "నాయే సార్. జరంత దిగుతది."

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. బావికి దూరంగా పెరట్లో గుంత తవ్వి, కంకర నింపి, నీళ్లు అందులోకే వదలమని చెప్పి, పుస్తకంలో రాసుకున్నాడు. వెంకటరాజానికి అదేమీ వినబడలేదు. ఎదురింటి గుర్వమ్మ నూలు పట్టుకొని నిలబడి ఉంది. ఎక్కడ వెనక్కి మళ్లుతుందోనని ఆమె కాళ్ల వైపే చూస్తున్నాడు.

గుర్వమ్మ తెచ్చిన నూలు ఆయన అరుగు మీద పెట్టింది.

"గట్ల జూస్తవేంది మామా? నీ రంగు దిగుతదని మాకెర్క లేదా? ఒక్కపారి మా ఆయన ధోతులన్ని గులాబైనయి. నువ్వు చిన్నబోతవని చెప్పలె. మూడు నీళ్లు జాడిస్తె మంచిగ నిలుస్తది."

వెంకటరాజం మొహంలోకి ప్రాణం వచ్చింది. ఇన్‌స్పెక్టర్ మాత్రం కలం మూత మళ్లీ తీశాడు.

"మూడు నీళ్లా? గా నీళ్లు యాడ పోస్తున్నవమ్మా?"

వాడలో తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

ఆ ఎండాకాలం మా వాడలో పదకొండు గుంతలు పడ్డాయి. ఎంత లోతు తవ్వాలో చెప్పడానికి వెంకటరాజం పిలవకుండానే అన్ని ఇళ్లకూ వెళ్లాడు.