కాడు తట్టు అనప

2023 చలికాలం. నేను బెంగళూరులో ఒక జీన్ బ్యాంకులో పనిచేస్తున్నాను. బ్యాంకంటే గింజలది. పంటల విత్తనాలను ఎండబెట్టి చలిగదుల్లో దాస్తాం. పంటలకు అడవి చుట్టాలు కూడా ఉంటాయి. మనం తినే అనపకాయకూ ఒకటుంది. కాయ చిన్నది, నోట పెట్టలేం. కానీ ఎండకూ తెగులుకూ ఓ పట్టాన లొంగదు. రేపు మన అనపకు పెద్ద జబ్బేదైనా వస్తే ఆదుకోవాల్సింది ఈ చుట్టమే. మామూలుగా ఇలాంటివాటి కోసం కొండలెక్కుతాం. ఆసారి నగర శివార్లలోని వర్తూరు దగ్గరే ఉందని ఎవరో చెబితే జీపులో బయల్దేరాను.

అక్కడ పూలమ్మే మునెమ్మకు ఫోటో చూపించాను. ఆవిడవాళ్ళు తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళు.

“ఇదా? కాడు తట్టు పోండప్పా. కంచె నిండా ఉండాది.”

తట్టు అంటే వైపు. కన్నడంలో కాడంటే అడవి. ఏళ్ళ తరబడి ఈ ఊళ్ళో ఉండి నా చెవి కన్నడమైపోయింది. దగ్గర్లో ఉన్న నీలగిరి తోపంతా గాలించాను. చేతులు గీరుకోవడం తప్ప ఏమీ దొరకలేదు. ఉసూరుమంటూ తిరిగొస్తే ఆవిడ పకపకా నవ్వింది.

“అయ్యో నా రాతా! కాడంటే పూడ్చే కాడప్పా! మా ఆయన పండుకోనుండే జాగా.”

తనే వెంట వచ్చి చూపించింది. నిజమే, శ్మశానం కంచె మీద తీగ విరగకాసింది. మేకలు రావు, మనుషులు తెంపరు. కానీ కాయలింకా పచ్చివి. పచ్చి గింజ దాస్తే మొలకెత్తదు. పక్కనే జేసీబీ నిలబడి ఉంది. ప్రహరీగోడ కోసం మర్నాడే కంచె పీకేస్తారట.

“కాయలు ఎండేదాకా ఆగండి,” అని మేస్త్రీని బతిమాలాను.

“తీగ కోసం పనాపాలా సార్?” అన్నాడతను విసుగ్గా.

మునెమ్మ కొంగు బిగించింది. “నీ గోడకేం తొందరప్పా? లోపలుండే వాళ్ళు యాడికీ పోరు కదా! ఆ పక్కనించి మొదలుపెట్టు.”

మేస్త్రీకి నవ్వాగలేదు. గోడ అవతలి వైపు నుంచి మొదలైంది.

ఈ కాయలు ఎండితే చిట్లి గింజలు ఎగిరిపోతాయి. అందుకే గుత్తులకు వల సంచులు కట్టి వచ్చాను. మళ్ళీ వెళ్ళేసరికి కంచె లేదు, తీగ లేదు. పూలమ్మే చోటికి పరుగెత్తాను. మునెమ్మ పూలబుట్ట కింద నుంచి నా సంచులన్నీ తీసింది. గోడ పని తీగ దాకా వచ్చేలోగా కాయలు నిండా ఎండాయని చూసి తనే కోసుకొచ్చిందట. గలగలమంటున్నాయి. నిజంగా ఆవిడ కాళ్ళకు మొక్కాలనిపించింది.

“గుప్పెడు నాకియ్యప్పా,” అంది. “అన్నీ చలిగదిలో పెడితే ఆయనకాడ పచ్చగా ఏముంటాది?”

ఇచ్చాను. ఆ రోజు నుంచి ఎక్కడికెళ్ళినా, తెలిసిన మాటే వినబడినా, “అంటే ఎక్కడమ్మా?” అని ఇంకోసారి అడుగుతాను. గింజల పొట్లం మీద ఊరిపేరు కింద ‘కాడు’ అని రాసి, పక్కన ‘అడవి కాదు’ అని చేర్చాను. కిందటేడు అటు వెళ్ళినప్పుడు చూశాను. కొత్త గోడకు ఆవల, మునెమ్మ పెనిమిటి పక్కన తీగ పూతకొచ్చింది.