షెరీఫ్ పిలిస్తే ఎవరు వెళ్లాలి

ఉదయం తొమ్మిది నలభైకి వెనక అద్దంలో ఎరుపు, నీలం లైట్లు కనిపించినప్పుడు నాకు భయం వేయలేదు. మా ఆయన కారు పక్కకు ఆపి, తలుపు తీసి, కాలు కింద పెట్టినప్పుడు వేసింది.

గుంటూరులో పోలీసు స్కూటర్ ఆపితే దిగి, ఎదురు వెళ్లి నమస్తే పెట్టడం మర్యాద. కూర్చునే మాట్లాడితే పొగరనుకుంటారు. అమెరికా వచ్చి మూడేళ్లయినా ఆయన్ని పోలీసు ఆపడం ఇదే మొదలు. లైసెన్స్ కోసం వెనక జేబులో చెయ్యి పెట్టి పోలీసు కారు వైపే నడిచారు.

"స్టాప్. చేతులు చూపించు."

ఆ డెప్యూటీ, అంటే షెరీఫ్ కింద పనిచేసే పోలీసు, చెయ్యి నడుముకున్న తుపాకీ మీదికి వెళ్లింది. నేను వెనక్కి తిరిగి పిల్లలిద్దరి తలలూ కిందికి వంచాను. మా ఆయన చేతులెత్తి నిలబడిపోయారు.

అయిదు నిమిషాల్లో అంతా అయిపోయింది. యాభై అయిదు మైళ్ల వేగమే ఉండాల్సిన చోట అరవై ఎనిమిదిలో వెళ్లినందుకు హెచ్చరిక మాత్రమే ఇచ్చాడు. "అలా ఎప్పుడూ దిగొద్దు మిస్టర్. నాకూ ఇంట్లో పిల్లలున్నారు," అన్నాడు. మాకంటే చిన్నవాడే.

మేముండే నోవై నుంచి ఆ ఉదయం ఏడున్నరకు బయల్దేరాం. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు, చదువుకోవచ్చు. కాలేజీలో హిస్టరీ క్లాసు పేపర్ రాయడానికి, జిల్లా పోలీసు అధిపతులైన షెరీఫుల గురించి, మిలీషియా అంటే అవసరమైతే తుపాకీ పట్టాల్సిన ఊరి జనం గురించి, పాత చట్టాలు చూడాలి. అవి ఉత్తరాన ఒక చిన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టులో ఉన్నాయి.

వెనక్కి వెళ్దామా అన్నాను. "ఇంత దూరం వచ్చాం, చూసుకో," అన్నారు. పెట్రోలు బంకులో కాఫీ కొన్నాక తాళాలు నా చేతికిచ్చారు. అక్కడి నుంచి నేనే డ్రైవ్ చేశాను.

పదిన్నరకు చేరాం. పుస్తకాలు బేస్‌మెంట్‌లో ఉంటాయి, పార్కింగ్ ఫ్రీ, జిరాక్స్ పేజీకి పావు డాలర్. వెళ్లేవారు మధ్యాహ్నంలోపు వెళ్లండి, తర్వాత గంటసేపు మూసేస్తారు. వాలంటీర్ పెద్దావిడ పుస్తకాలు తీసిచ్చింది. మొదట షెరీఫ్‌ను గవర్నర్ నియమించేవాడట, తర్వాత జనమే ఎన్నుకున్నారు. మిలీషియా కవాతు రోజున మగవాళ్లు సొంత తుపాకీతో రావాలి, రాకపోతే జరిమానా. పాత పుస్తకంలో 'తెల్లజాతి పురుషులు' అని ఉంది. తర్వాతి దాంట్లో ఆ 'తెల్లజాతి' లేదు. దొంగను పట్టడానికి షెరీఫ్ దారినపోయేవాణ్ణి పిలిచినా కాదనకూడదు.

ఇప్పుడూ అంతేనా అని అడిగాను.

"ఇప్పటికీ పిలవొచ్చు," అంటూ మా ఆయన వైపు చూసి నవ్వింది. "ఈయన్ని కూడా."

"పొద్దున ఒకసారి పిలిచారు, చాలని చెప్పు," అన్నారాయన నాతో తెలుగులో. నాకు నవ్వు రాలేదు.

ఒంటిగంటకు తిరుగుప్రయాణం. యాభై దాటకుండా నడిపాను. ట్రక్కులన్నీ హారన్ కొట్టి దాటిపోయాయి. రోడ్డుకంటే అద్దంలో వెనకొచ్చే కార్లనే ఎక్కువ చూశాను. సగం దారిలో మా ఆరేళ్ల పాప అడిగింది: "మమ్మీ, డాడీ బ్యాడ్ గయ్‌నా?" నూట యాభై ఏళ్ల నాటి చట్టాలు సంచి నిండా తెచ్చుకున్నాను, ఆ రోడ్డు పక్కన ఎలా ఉండాలో ఒక్కదాంట్లోనూ లేదు.

మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. నాన్న చెడ్డవాడు కాదు, ఆ అంకులూ కాదు. నాన్న గౌరవంగా దిగారు, ఆ అంకుల్‌కి అది తెలియలేదు. పోలీసు కారు ఆపితే దిగకూడదు. చేతులు కనిపించేలా పెట్టి కదలకుండా కూర్చోవాలి.

"ఎంతసేపు?" అన్నాడు ఎనిమిదేళ్ల బాబు.

వాళ్లు వెళ్లమనేదాకా, అన్నాను.