ముత్తవ్వ గుండిగ మీది పేరు

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతి నేను చెప్పబోయిన ప్రతిసారీ మైకు ఇంకొకరి చేతికి వెళ్లింది. మొన్న సింగపూరు పాయా లేబర్‌లో పెట్టిన ప్రదర్శనలోనూ అంతే. మలయా తోటల్లో మనవాళ్లు ఒప్పంద కూలీలుగా మగ్గిన కాలంలో, ఎవరి కిందా లేకుండా స్వేచ్ఛగా బతికిన తెలుగువాళ్లెవరో పాత రికార్డుల్లో వెతికి ఒక పరిశోధకుడు పెట్టిన ప్రదర్శన అది. మా చిన్ననాటి పక్కింటి అక్క వాళ్ల తాతకు అందులో గోడంత బొమ్మ. మా తాతయ్య తల్లికి, అంటే మా ముత్తవ్వకు, కూలీల జాబితాలో ఒక్క వరస. నాకు కడుపు మండింది. దాచుకోవడం దేనికి?

ఆ మంట కొత్తది కాదు. అప్పట్లో మేం కంపంగ్‌లో, అంటే పల్లెలాంటి వాడలో, రేకుల ఇళ్లలో ఉండేవాళ్లం. పక్కింటి ముందుగదిలో ఒక ఫ్రేము వేలాడేది. లోపల వాళ్ల తాత సొంతంగా కొనుక్కున్న ఓడ టికెట్టు. ఎవరొచ్చినా ముందు దాన్ని చూపించి, తర్వాత టీ ఇచ్చేవాళ్లు. మా గోడకు క్యాలెండరు తప్ప ఏమీ లేదు. వాళ్ల పెద్దబ్బాయి పెళ్లిలో, బంతిలో నా పక్కన కూర్చుని అక్క, మాట చివర ఇక్కడివాళ్లు తగిలించే "లా" తగిలించి అంది: "మా తాత టికెట్ కొనుక్కుని వచ్చాడు లా. మీవాళ్లని దొర కొనుక్కున్నాడు." బంతంతా నవ్వింది. నేను ఆకులో లడ్డూ వదిలేసి లేచిపోయాను. ఆ నవ్విన ముఖాలన్నీ నాకిప్పటికీ గుర్తే. ఆ లడ్డూ కూడా గుర్తే.

మా నాయనమ్మ నన్ను ఓదార్చలేదు. "ఏటిరా ఆ మూతి?" అని అడిగి, అంతా విని, మర్నాడు పొద్దున్నే వాళ్ల పెరట్లోకే పంపింది. ఆ రోజుల్లో ఎవరింట్లో పెళ్లయినా తెలుగు ఇళ్లన్నీ పాత్రలు ఎరువిచ్చేవి. పెళ్లయ్యాక తోమి బోర్లించిన గుండిగలూ పళ్లేలూ పెరడంతా పరుచుకుని ఉండేవి. ఎవరిది వాళ్లు పేరు చూసుకుని తెచ్చుకోవాలి. "ఎవుర్నీ అడక్కు. అంచు కింద తడువు," అంది నాయనమ్మ.

తడిమాను. అన్నిటికంటే పెద్ద గుండిగ అంచు కింద, చుక్కచుక్కలుగా కొట్టిన అక్షరాలు వేళ్లకు తగిలాయి. పాత్రల కొట్టువాడికి తమిళమే వచ్చునట, అందుకని మా ముత్తవ్వ పేరు ఆ అక్షరాల్లోనే ఉంది. ఇంతలో నాయనమ్మ వెనకే వచ్చి, అక్కకు వినబడేలా చెప్పింది.

"తోటలో ఉన్నన్నాళ్లూ మీ ముత్తవ్వ దొర కుండలోదే తింది. ఒప్పందం తీరి సింగపూరొచ్చాక అప్పాలమ్మి మొదట కొన్నది ఇదే. దొర పుస్తకంలో వొచ్చినోళ్ల పేర్లే ఉంటాయిరా. ఇడిసిపెట్టి పోయినోళ్ల పేరు ఆడెందుకు రాస్తాడు?" తర్వాత అక్క వైపు తిరిగింది. "నిన్నటి మీ మకాన్, ఆ పెళ్లికూడంతా దీంట్లోనే ఉడికింది గదే పిల్లా?"



స్వేచ్ఛ పొందిన మనిషిని యజమాని కాగితాల్లో వెతకకూడదని, ఆ మనిషి తనదని పేరు కొట్టించుకున్న వస్తువు మీద వెతకాలని నాకు ఆ పూట తెలిసింది. అసూయ మాత్రం తగ్గలేదు. ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా ఫ్రేము జారి పడితే బాగుండునని చాలాకాలం కోరుకున్నాను. అది పడలేదు సరిగదా, ఇప్పుడు ఆ ప్రదర్శనలో అద్దాల పెట్టెలో, దీపం కింద ఉంది. ప్రారంభం రోజున అక్కకు శాలువా కూడా కప్పారు.

మర్నాడే గుండిగను చక్రాల బండికి కట్టి ఇప్పుడు మేముండే జురాంగ్ వెస్ట్ నుంచి ప్రదర్శనకు ట్రైన్‌లో తీసుకెళ్లాను. "లెట్ ఇట్ గో లా, తాతా," అంటూనే మనవరాలు బండి తోసింది. పరిశోధకుడు గుంటూరు వైపు కుర్రాడు, మర్యాదస్తుడే. "చాలా బావుందంకుల్. కానీ ఇది రికార్డు కిందకి రాదండీ. చూసి మెసేజ్ పెడతాను," అన్నాడు. వంగి అక్షరాలు చూడలేదు, ఫోటో తీయలేదు. నేను పెట్టిన మెసేజ్‌లన్నిటికీ చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి. జవాబు లేదు.

ఇప్పటికీ ఏ ఇంట్లో పాత ఇత్తడి పాత్ర కనిపించినా నా వేళ్లు అంచు కిందికే పోతాయి. అక్కడ పేరు తగిలితే ఒక మనిషి బయటపడ్డట్టే నాకు.

బాబూ, నీ ప్రదర్శన గోడ మీద మా ముత్తవ్వ ఒప్పందంతోనే ఆగిపోయింది. అది తీరాక ఆవిడ ఎవరి మనిషి? ఈ ఒక్కదానికి జవాబు రాయి. ఆవిడ పేరు నేనిక్కడ రాయను. మా ఇంటికి రా, వంగు, వేలు పెట్టి చదువు.