ముందు దిగాల్సిన సామాను

ఎనిమిదో తరగతి నేను రెండుసార్లు చదివాను. ఆ తరగతి మీద అంత మమకారం. రెండోసారి కూడా తక్కెడ, తూకం, మొగ్గు అనే పాఠం దగ్గరే మా మాస్టారికీ నాకూ అభిప్రాయభేదం వచ్చింది. ఆయన బడిలో ఉండిపోయారు, నేను తాడేపల్లిగూడెంలో బియ్యం లారీకి క్లీనర్‌గా ఎక్కేశాను. ఆ పాఠంలో మిగిలిన సగం చాలా ఏళ్ల తర్వాత అమెరికాలో, వయోమింగ్‌లో, హైవే పక్కన, టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన నాకు పావుగంటలో పూర్తి చేశాడు. ఫీజు అడగలేదు, బెంచీ ఎక్కించలేదు. అయినా అంత సిగ్గు నాకు బడిలో ఏనాడూ కలగలేదు.

ఈ శనివారం మా ఆవిడ దోసెల పిండికి గ్రైండర్ వేసింది. సియాటిల్ పక్కనున్న మా బాతెల్‌లో సన్నగా వాన. మా గ్రైండర్‌లో తిరిగే రాయి అంచున ఒక పెచ్చు ఊడి ఉంటుంది. అందువల్ల చుట్టుకొకసారి టక్కుమంటుంది. వచ్చిన చుట్టాలు బెల్టు పోయిందేమో అంటారు. బెల్టు బాగానే ఉంది, పోయింది నా పరువు, అంటాను నేను. మా అమ్మాయి పదహారేళ్లది, ఇప్పుడు లెర్నర్స్ పర్మిట్ మీద కారు నడుపుతోంది. పక్క సీట్లో కూర్చుని సలహాలిచ్చే హక్కు నాకు లేదంటుంది. ఆ హక్కు ఎక్కడ పోయిందో ఆ టక్కుమనే రాయికి తెలుసు.

అప్పుడు మేం టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉండేవాళ్లం. మా ఆవిడ నర్సు. ఆవిడ చదువు వీసా తెచ్చింది, ఆ వీసా వెనక నేను లగేజీలాగా వచ్చాను. ఒక ఇండియన్ స్టోర్ వెనక గోడౌన్‌లో బస్తాలు సర్దే పని నాది. అంటే దేశం మారింది గానీ బస్తా మారలేదు. ఆవిడకి బాతెల్ దగ్గర ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. అంతకుముందు గురువారం ఉదయం పదింపావుకి కొత్త ఇంట్లో పాలు పొంగించాలని మా అత్తగారు ఫోన్‌లో ముహూర్తం చెప్పారు. మూవర్స్‌ని పెట్టుకుందామంది మా ఆవిడ. పదిహేనేళ్లు లారీల మీద పెరిగిన మనిషికి సామాను చేరవేయడానికి మనుషులా? నాకు పౌరుషం వచ్చింది. మా మిడ్‌సైజ్ పికప్ వెనకాల అద్దె ట్రైలర్ తగిలించాను.

లారీ ఎక్కిన మొదటిరోజే మా డ్రైవర్ నేర్పిన ముక్క ఒకటుంది. ముందు దిగాల్సింది చివర ఎక్కాలి. అది నాకు గాయత్రి. కొత్త ఇంట్లోకి ముందు వెళ్లాల్సినవి ఏమిటి? దేవుడి పటం, పాలగిన్నె, ఉప్పు, బియ్యం, వంటసామాను. కాబట్టి పరుపులు, దుప్పట్లు, బట్టల సంచులు, మా అమ్మాయి బొమ్మలు లోపల ముందువైపుకి తోసేశాను. సియాటిల్ వాళ్లు గోధుమరొట్టె తప్ప ఎరగరన్నట్టు కొన్న ఎనిమిది సోనా మసూరి బస్తాలు, పప్పుల డబ్బాలు, రాతి రోలు, ఆవకాయ జాడీలు, ఈ గ్రైండర్, వాటి మీద దేవుడి పెట్టె, అన్నీ వెనక తలుపు దగ్గర పేర్చాను. తలుపు తీయగానే లక్ష్మి నేరుగా దిగాలి.

కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉండే మా బావమరిది ఇంజనీరు. వీడియోకాల్‌లో చూసి, "బావా, సగానికి పైగా బరువు ముందుండాలి, హిచ్ వైపు, అదే, బండికి తగిలించే కొక్కెం వైపు. నీకు లింక్ పంపించా, చదువు," అన్నాడు. "నువ్వు చదివింది చదువు, నేను మోసింది బస్తా. ఎవరి లెక్క వాళ్లది," అన్నాను. వాడు మళ్లీ ఏదో అనబోతుంటే పికప్ వెనకభాగం కెమెరాకి చూపించాను. ఇంత సామాను తగిలించినా ఇసుమంత కుంగలేదు. చూశావా మన సర్దుడు, అన్నాను. అది కుంగకపోవడమే రోగమని ఆ లింకులో రెండో వాక్యమట. తర్వాత తెలిసింది.

టెక్సాస్ అంతా నెమ్మదిగా, భయభక్తులతో నడిపాను. అప్పుడప్పుడూ స్టీరింగ్ చేతిలో చేపలా కదిలేది. గాలి అనుకున్నాను. కొలరాడో దాటాక అలవాటైపోయింది, వేగం కూడా పెరిగింది. దారి పొడుగునా నా వేళాకోళాలే. ఊరికే బండిని కొంచెం అటూ ఇటూ ఊపి, "అయ్యో, పికప్‌కి తిక్క పుట్టింది," అంటే వెనక సీట్లో మా ఆరేళ్ల పిల్ల కిలకిలా నవ్వేది. మా ఆవిడ వద్దనేది. నేను మళ్లీ ఊపేవాణ్ణి.

వయోమింగ్‌లో అది పెద్ద కొండేమీ కాదు, చిన్న దిగుడు. మధ్యాహ్నపు ఎండ, పక్కనుంచి గాలి. ఒక పెద్ద ట్రక్కు మమ్మల్ని దాటిపోయింది. దాని గాలికి ట్రైలర్ ఒకసారి ఎడమకి పోయి వచ్చింది. తర్వాత కుడికి, ఇంకొంచెం ఎక్కువగా. మళ్లీ ఎడమకి. పక్క అద్దంలో ట్రైలర్ గోడ మొత్తం కనిపించింది. బుద్ధిగా వెనకే వచ్చే ట్రైలర్ గోడ అద్దంలో అంతలా కనబడకూడదు. లారీ అలవాటున బ్రేకు తొక్కాను. అది ఇంకా రెచ్చిపోయింది. తాడు తెంపుకునే గేదెను పట్టుకున్నవాడిలాగా పికప్‌తో సహా మేం రెండు వరుసల మీదా అటూ ఇటూ కొట్టుకుపోతున్నాం. స్టీరింగ్ నా చేతుల్లో ఉంది గానీ అది ఎవరి మాటా వినడం లేదు. మా ఆవిడ, ఎమర్జెన్సీ వార్డులో పనిచేసే మనిషి, చెయ్యి వెనక్కి చాచి పిల్ల మోకాలు పట్టుకుంది. అప్పుడు పిల్ల అంది, "నాన్నా, అలా చెయ్యడం ఆపు. ఇట్స్ నాట్ ఫన్నీ."

నేను చేస్తున్నాననుకుంది.

బ్రేకు మీంచి, యాక్సిలరేటర్ మీంచి కాళ్లు రెండూ తీసేశాను. ఇక నేను చేయగలిగింది ఏమీ లేదు. స్టీరింగ్ కదలకుండా పట్టుకుని, దిగుడు అయిపోయేదాకా ఆ బండిలో నేనూ ఒక బస్తాలా కూర్చున్నాను. కింద చదును వచ్చాక అది దానంతటదే అలిసిపోయి, ఊగి ఊగి, సర్దుకుంది. పక్కకి తీసి ఆపాను. నేను చెయ్యలేదమ్మా, అన్నాను. పిల్ల నా వైపు చూడకుండా వాళ్లమ్మ వైపు చూసింది, నిజమేనా అన్నట్టు. రోజంతా వేళాకోళమాడే నోటిని ఆరేళ్ల పిల్ల ఏం చూసి నమ్ముతుంది?

హెజార్డ్ లైట్లు వేసుకుని, నడిచినంత వేగంతో రెస్ట్ ఏరియాకి చేరాం. అక్కడ గుర్రాల ట్రైలర్ ఆపుకున్న పెద్దాయన మమ్మల్ని చూస్తూనే లేచి వచ్చాడు. ఏమీ అడగకుండా మా ట్రైలర్ వెనక అంచు మీద కూర్చున్నాడు. పికప్ వెనకభాగం పైకి లేచింది. తలుపు తీసి బస్తాలు చూసి, ఇవన్నీ ఇక్కడెందుకున్నాయని అడిగాడు. నా ఇంగ్లీషు గోడౌన్ ఇంగ్లీషు, ఈ సంగతికి చాలదు. మా ఆవిడ చాలాసేపు వివరించింది, ఉప్పు, బియ్యం, దేవుడు, పాలు, ముహూర్తం. ఆయన నవ్వలేదు. శ్రద్ధగా విని ఒక మాట అన్నాడు.

"ఏమంటాడు?" అన్నాను.

"దేవుడు ఇంట్లోకి ముందు వెళ్లాలంటే, ముందు ఇంటిదాకా చేరాలిగా అంటున్నాడు," అంది. తర్వాత తన మాటగా, నెమ్మదిగా, "పటం, పాలగిన్నె నా ఒళ్లో పెట్టుకునేదాన్ని కదండీ. ఒక్కసారి అడిగారా?" అంది.

ట్రైలర్ మొత్తం దింపాం. మా సంసారమంతా ఆ గాలిలో తారు మీద పరుచుకుంది. దుప్పట్లు ఎగిరిపోతుంటే వాటి మీద ఆవకాయ జాడీలు పెట్టాం. గ్రైండర్ రాయి నా చేతిలోంచి జారి అంచు ఊడింది. ఆయన బస్తాకి ఒక చెయ్యి వేసి ముందువైపు ఎక్కడ పెట్టాలో చూపిస్తూ పోయాడు, నేను క్లీనర్‌లా అందిస్తూ పోయాను. అయ్యాక పికప్ వెనక కొంచెం కుంగింది. ఆయన దాన్ని తట్టి, తల ఊపి, తన దారిన వెళ్లిపోయాడు.

అక్కణ్ణించి వేగం యాభై మైళ్లు దాటించలేదు. యూటా, ఐడహో, ఒరెగాన్, వాషింగ్టన్. మా ఆవిడ ఒళ్లో పటం, గిన్నె. ట్రైలర్ పిల్లిలా వెనకే వచ్చింది. నేను నోరు విప్పలేదు. విప్పితే వెనక సీటు నమ్మదేమోనని భయం. దారిలో పిల్ల ఒకటి రెండుసార్లు నా ముఖం అద్దంలో చూసింది, నేను చూపు తిప్పుకున్నాను.

గురువారం పది కావస్తుండగా ఇంటి ముందు ఆగాం. మా ఆవిడ పటం, గిన్నె పట్టుకుని గుమ్మం ముందు నిలబడింది. అంత దూరం బరువు మోసి కాళ్లు తిమ్మిరెక్కాయేమో, అడుగు పడటం లేదు. నాకు తెలియకుండానే వచ్చేసింది, "కుడికాలు ముందు పెట్టాలో, బరువున్న కాలు ముందు పెట్టాలో ఆ పెద్దాయనకి ఫోన్ చేసి కనుక్కో." ముందు నవ్వింది పిల్ల. తర్వాత మా ఆవిడ గుమ్మం పట్టుకుని నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, లోపల అడుగుపెట్టింది. పాలు వేళకే పొంగాయి.

పదేళ్లయింది. కాలం కూడా ట్రైలర్ లాంటిదేనేమో, వెనకే వస్తుందిలే అనుకుంటాం, ఒకరోజు అద్దంలో దాని గోడ మొత్తం కనబడుతుంది. ఈ శనివారం టక్కు టక్కు వింటూ అడిగాను, "ఇంతకీ ఆ రోజు ఇంట్లోకి ముందు వెళ్లింది పటమా, పాలగిన్నా?"

మా ఆవిడ పిండి తీస్తూ తలెత్తలేదు. "మీ నోరు. నాలుగు రాష్ట్రాలు మూతపడి ఉంది, గుమ్మం దగ్గర తెరుచుకుంది. దాని వెనకే మేమిద్దరం వచ్చాం. మళ్లీ ఇప్పటిదాకా మూతపడలేదు."