సిక్ లైన్లో పెట్టిన మోటారు

మోటారు పేరెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మా మనవలు నవ్వుతారు. నవ్వనీ, వాళ్ళదేం పోయింది!

మా ఆయన బిలాస్‌పూర్‌లో గూడ్సు డ్రైవరు. క్లీనరుగా చేరి, బొగ్గుమసి కొట్టుకుపోయి కొట్టుకుపోయి ఫైర్‌మేను అయ్యాడు, షంటరు అయ్యాడు, చివరికి డ్రైవరయ్యాడు. పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి వచ్చిన మా వాళ్ళలో ఆ రోజుల్లో అంతదాకా ఎక్కినవాళ్ళు బహు తక్కువ. ఆయన డ్యూటీ దిగి వస్తుంటే క్వార్టర్ల ముందు కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. నాకూ గర్వంగానే ఉండేది, కాదని ఎందుకు చెప్పాలి?

అలాంటివాడికి కళ్ళ పరీక్ష వచ్చి నెత్తిన పడింది. రాత్రిపూట దూరాన దీపం ఎర్రదో పచ్చదో పోల్చుకోలేకపోతున్నాడని డాక్టరు తేల్చేశాడు. పగలు చీమ కాలు కూడా కనబడుతుంది ఆయనకి. అయినా ఇంజిను ఎక్కనివ్వరు. ఊరికే పంపెయ్యలేక కాల్ మేన్ పని ఇస్తామన్నారు. డ్యూటీ పడిన డ్రైవరు ఇంటికి వెళ్ళి, గుమ్మం ముందు నిలబడి, "డ్రైవరుగారూ, డ్యూటీ" అని కేకేసి, సంతకం పెట్టించుకుని రావాలి. అంతే పని.

"నా కింద బొగ్గేసినోళ్ళ గుమ్మాల్లో నిలబడి నాను కేకలెయ్యాలా? సత్తే సత్తాను గానీ ఆ పని సెయ్యను" అన్నాడు. ఉద్యోగం వదిలేశాడు. క్వార్టరు ఖాళీ చేసి ఆ పక్కనే అద్దింట్లో దిగాం. షెడ్డు ఆఫీసులో గుమస్తా బాబు ఒకాయన మంచివాడు, "ఏడాదిలోగా మనసు మారితే రా" అని చెప్పి పంపాడు. మా ఆయన ఆ మాట చెవిన కూడా వేసుకోలేదు.

చేతికొచ్చిన ప్రావిడెంటు ఫండంతా పెట్టి మోటారు కారు కొన్నాడు. కొత్తది, కిరాయికి తిప్పడానికి. రాయపూర్‌లో ఏజెంటు దగ్గర. పాతది చవగ్గా దొరుకుతుందని ఎవరో అంటే వినలేదు, కొత్తదానికైతే మూడు నెలల గారంటీ ఉంటుందన్నాడు. ఆలోగా ఏం చెడినా కంపెనీదే పూచీ. "షెడ్డున్నట్టే అనుకో" అని నాకు నచ్చజెప్పాడు. రైలు మనిషి కదా, చెడిన ఇంజిన్లు బాగుచేసే షెడ్డు లేని ప్రపంచం ఆయనకి తెలీదు.

మొదట్లో బాగానే నడిచింది. తఖత్‌పూర్ బట్టల వర్తకులు, కోర్టు వకీళ్ళు, పెళ్ళివారు. చకర్‌భాటా దాకా వెళ్ళి వచ్చినా బండి కడిగి తుడిచి గాని అన్నానికి కూర్చునేవాడు కాదు. బజార్లో అందరూ "డ్రైవర్ సాబ్" అనేవారు. మళ్ళీ భుజాలు నిటారుగా పెట్టి నడిచాడు. నేను కూడా ఒకసారి వెనక సీట్లో కూర్చుని ఊరంతా తిరిగొచ్చాను. క్వార్టర్లలో ఆడవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. ఎవరి దిష్టి తగిలిందో!

ఒకరోజు అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకోకుండా కూర్చున్నాడు.

"ఏటైనాది?" అన్నాను.

"రెండో గేరు కొరుకుతున్నాది."

నేను వెళ్ళి విన్నాను. నాకేమీ వినబడలేదు. ఆ రోజు బండెక్కిన వకీలుకీ వినబడలేదు. ఇంజిను మోత మధ్య బోల్టు వదులైతే కనిపెట్టే చెవి అది, ఆయన ఒక్కడికే వినబడింది. మర్నాడే రైలెక్కి రాయపూర్ వెళ్ళాడు. ఏజెంటు తాంబూలం నములుతూ, "చలాతే రహో. టూటేగా తో నయా దేంగే" అన్నాడట. నడుపుతూ ఉండు, విరిగితే కొత్తది ఇస్తాం అని. బండ్లు బాగుచేసే మిస్త్రీని కూడా పంపిస్తానన్నాడట.

మా ఆయన కుతకుతలాడుతూ ఇంటికొచ్చాడు. "సిక్కయిన బండిని నడపమంతాడేటి! ఈడూ ఒక కంపినీ మనిసేనా?"

"నడుపు మరి" అన్నాను. "ఇరిగితే కొత్తదిత్తానన్నాడు కదా. ఇరగనీ. బేగి ఇరగనీ."

"ఒలే, నీకు తెలీదు, ఊరుకో. బండిలో మనుసులుంతారు. దారి మద్దిన గేరు పట్టేత్తే?"

"మెల్లగా నడుపు. కాలీగా నడుపు. మనుసుల్ని ఎక్కించొద్దు. మోప్కా దాకా ఎల్లి రా, మల్లీ ఎల్లి రా, ఇరిగేదాకా తిప్పు."

నన్ను ఎలా చూశాడంటే, కడుపున పుట్టినవాణ్ణి బావిలో తొయ్యమన్నట్టు చూశాడు. "కావాలని ఇరగ్గొట్టమంతావా? ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక్క ఇంజినికి దెబ్బ తగలనివ్వనేదు నాను."

రైల్వేలో పద్ధతి ఒకటి ఉంది. వ్యాగను చెడితే దాని మీద సుద్దతో రాస్తారు, సిక్కయిందని. బండి నుంచి విడదీసి పక్క లైన్లో, సిక్ లైన్లో పెడతారు. ఎర్రజెండా పాతుతారు. ఇక ఫిట్టరు వచ్చి చూసేదాకా పెద్ద దొర చెప్పినా కదిలించడానికి వీల్లేదు. చెప్పాల్సిన మాట చెప్పేశాక పూచీ షెడ్డుది, డ్రైవరు చెయ్యి కడిగేసుకోవచ్చు. ఆ పద్ధతి ఆయన రక్తంలో ఇంకిపోయింది. మోటారును మా ఇంటి పక్క పాకలోకి తోయించి, చక్రాలకు కర్ర దుంగలు అడ్డం పెట్టి, ముందర వెదురుకర్రకు ఎర్రగుడ్డ కట్టి పాతాడు. కిరాయికి వచ్చినవాళ్ళని వెనక్కి పంపేశాడు.

మా వాళ్ళు ఊరుకుంటారా? డ్యూటీ దిగినవాడల్లా వచ్చి చూడటమే. ఆయన కింద చాన్నాళ్ళు పనిచేసిన ఫైర్‌మేను అయితే చేతులు జోడించినంత పని చేశాడు. "గురువుగారూ, డ్రైవరంటే మీరండీ. ఇంకోడైతే దాన్ని సంపేసేవోడు." ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, గడువు దాటిపోతోంది నాయనా అనలేదు. అందరూ రైలు మనుషులే. సిక్ లైన్లో ఉన్నంతకాలం గారంటీ కూడా ఆగి నిలబడుతుందని అందరి నమ్మకం. వాళ్ళకి చాయ్‌లు పొయ్యలేక నా చేతులు పడిపోయాయి. చాయ్ పోస్తూ లోపల్లోపల తిట్టుకునేదాన్ని.

ఏజెంటుకి కబుర్లు మాత్రం వెళ్తూనే ఉన్నాయి. అవీ రైల్వే పద్ధతిలోనే. రాయపూర్ వెళ్ళే గార్డుకి చెప్పడం, ఆ గార్డు తిరిగొచ్చి జవాబు చెప్పడం. జవాబెప్పుడూ ఒకటే: మిస్త్రీ వస్తున్నాడు. ఈ వారం వస్తాడు, పండగ వెళ్ళాక వస్తాడు, వానలు తగ్గాక వస్తాడు. "సూసినావా, వత్తన్నాడట" అనేవాడు మా ఆయన. ఇంట్లో బియ్యం నిండుకుంటుంటే ఆ మాట వినడానికి నాకెలా ఉండేదో ఆ దేవుడికే తెలియాలి.

మూడు నెలలు నిండాయి. ఆ వెంటనే, అచ్చంగా ఆ వెంటనే, మిస్త్రీని వెంటబెట్టుకుని ఏజెంటే స్వయంగా దిగాడు. తెల్లటి ధోవతి, నవ్వుమొహం. మిస్త్రీ బండి కింద పడుకుని గేరుపెట్టె విప్పాడు, నూనెలోంచి ఒక పళ్ళచక్రం తీసి గుడ్డతో తుడిచాడు. పళ్ళంచులు కొరికేసినట్టున్నాయి. మొత్తం పెట్టె మార్చాల్సిందే, కలకత్తా నుంచి తెప్పించాలి అన్నాడు.

"తెప్పించండి మరి" అన్నాడు మా ఆయన.

ఏజెంటు తెప్పిస్తానన్నాడు గాని, గారంటీ అయిపోయింది కాబట్టి ఖర్చు మాదేనన్నాడు. ఆ ఖర్చుకి మా దగ్గర ఏముంది, ఆ బండి తప్ప!

నేను ఆగలేకపోయాను. గుమ్మం దిగొచ్చి, నాకొచ్చిన హిందీలో అరిచాను. గడువులోనే కదా చెప్పాం, వారం వారం కదా కబురు పెట్టాం, నువ్వు కదా రాకుండా కూర్చున్నావు, మా నోట్లో మట్టి కొడతావా అన్నాను. ఏజెంటు నొచ్చుకోలేదు, కోప్పడలేదు. "మాయీ" అన్నాడు చల్లగా. "గాడీ చలీ నహీ, టూటీ నహీ. ఖడీ గాడీ కీ క్యా గారంటీ?" బండి నడవనూ లేదు, విరగనూ లేదు, నిలబెట్టిన బండికి గారంటీ ఏమిటి అని. అప్పట్లోనే రోడ్డు మీద విరిగి ఉంటే మాట్లాడకుండా కొత్తది వేసేవాణ్ణి అని కూడా అన్నాడు. ఆ ఎర్రగుడ్డ వైపు చూసి, మిస్త్రీతో ఏదో అని, ఇద్దరూ నవ్వుకున్నారు.

మా ఆయన ఆ నవ్వు పట్టించుకోలేదు. మిస్త్రీ చేతిలో చక్రం తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇది రెండో గేరుదేనా?" అని అడిగాడు. అవునన్నాడు మిస్త్రీ. "సెప్పానా!" అని నా వైపు తిరిగాడు. ఆ నిమిషాన ఆయన మొహంలో తృప్తి కనబడింది. పుట్టి మునిగిపోతుంటే తృప్తి! తన చెవి తప్పు వినలేదని! ఏజెంటునైనా ఎప్పుడో ఒకప్పుడు క్షమిస్తానేమో గాని ఆ మొహాన్ని మాత్రం ఇన్నేళ్ళలో క్షమించలేకపోయాను.

ఆ తర్వాత షెడ్డులో మావాళ్ళు పౌరుషానికి పోయారు. ఇంజిన్లకే ప్రాణం పోస్తున్నాం, ఈ చిన్న చక్రమెంత అని, పాత ఇరుసు ముక్కలోంచి పళ్ళు కోసి ఒకటి తయారుచేశారు. ఆ ఫైర్‌మేనే దగ్గరుండి బిగించాడు. అందరూ చూస్తుండగా బండి కదిలింది. నేను కూడా, సిగ్గులేనిదాన్ని, దండం పెట్టుకున్నాను. మోప్కా దాటలేదు. పెళ్ళుమని విరిగి, ఆ ముక్కలు మిగతా గేర్లన్నిటినీ నమిలేశాయి. ఎద్దుల్ని కట్టి, క్వార్టర్ల మధ్యనుంచే లాక్కొచ్చారు. ఆ రోజు చూడటానికి వచ్చినవాళ్ళెవరూ చాయ్ కోసం ఆగలేదు.

బండి తుక్కు కింద పోయింది. ఇంకా ఏడాది నిండలేదు కాబట్టి షెడ్డు బాబు మాట ఇంకా చెల్లుతుంది. ఆ సంగతి ఆయనకు గుర్తుచేసింది నేనే. ఇంకెవరు చేస్తారు? పొయ్యి వెలిగించాల్సింది నేను. "ఎల్లి అడుగు" అన్నాను. మర్నాడు పొద్దున్నే గెడ్డం గీసుకుని వెళ్ళాడు. కాల్ మేన్ పని ఇచ్చారు, దాంతోపాటు ఒక గది క్వార్టరు.

మొదట్లో మావాళ్ళు ఇబ్బంది పడేవారు. కేక వినబడకముందే బయటికి వచ్చేసేవారు, సంతకం పెడుతూ తల దించుకునేవారు. ఎన్నాళ్ళు దించుకుంటారు? అలవాటైపోయింది. ఆ ఫైర్‌మేను ప్రమోషనొచ్చి డ్రైవరయ్యాడు, మా వెనక లైన్లోనే క్వార్టరు తీసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం బజారు నుంచి కూరల సంచీతో వస్తున్నాను. ఆ పాత ఫైర్‌మేను క్వార్టరు ముందు మా ఆయన నిలబడి ఉన్నాడు, చంకలో పుస్తకం. "డ్రైవరుగారూ, డ్యూటీ" అని కేకేశాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ కేకేశాడు. ఎండ మాడిపోతోంది. కాసేపటికి వాడు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చి, పుస్తకం లాక్కుని సంతకం గీకాడు.

"ఏటయ్యా, ఇంత లేటుగానా సెప్పడం? ఇంకెప్పుడు తినాల నాను?"

"తప్పయిపోనాది, బాబూ" అన్నాడు మా ఆయన.

నేను అక్కడే నిలబడిపోయాను. ఆయన వెనక్కి తిరిగాడు, నన్ను చూశాడు. చూసి కూడా, నేనెవరో తెలియనట్టు నా పక్కనుంచే నడిచి, తర్వాతి క్వార్టరు గుమ్మం ముందుకెళ్ళి మళ్ళీ కేకేశాడు.