నావి కావన్న పాటలు

మొన్న ఆదివారం పొద్దున నేను హాల్లో కింద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే, కంప్యూటరు ముందు కూర్చున్న మా మనవరాలు, అంటే మా అబ్బాయి కూతురు, తల తిప్పకుండానే ఒక మాట అడిగింది. ఆ కంప్యూటరు పాతబడిందట, దానికి కొత్త సిస్టం ఎక్కించాలట, ఎక్కించేముందు ఇంట్లో ఎవరెవరివి ఏమున్నాయో తీసి పక్కన పెట్టుకోవాలట. "నాయనమ్మా, ఇందులో నీవేమన్నా ఉన్నాయా?" అంది. వేళాకోళానికే అడిగిందని నాకు తెలుసు. కానీ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఈ ప్రశ్నే, ఈ హాల్లోనే, అది గౌను వేసుకుని తిరిగే రోజుల్లో ఇంకొకరు అడిగారు. అప్పుడు నేనిచ్చిన జవాబు గుర్తొస్తే ఇవాళ్టికీ తల ఎత్తబుద్ధి కాదు.

మాది బెజవాడ వన్ టౌన్‌లో, తోపుడు బళ్ళూ ఆటోలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయే సందులో, మేడ మీద వాటా. కింద వీధిలో ప్రింటింగు ప్రెస్సులుండేవి. మా కోడలు ఇంట్లోనే కూర్చుని వాటికి పెళ్ళి శుభలేఖల మేటరు తెలుగులో టైపు చేసి ఇచ్చేది. అందుకని మా ఇంటికి కంప్యూటరు వచ్చింది. వచ్చిన రోజే దానికి మా వారి పాత పంచె చింపి ముసుగు కుట్టింది నేను, పని లేనప్పుడు దాన్ని ముట్టుకోకూడదని చట్టం చేసింది కూడా నేనే. ఆటలని పిల్లలు కూర్చుంటే కరెంటు దండగని లేపేసేదాన్ని. మా అబ్బాయి క్రికెట్టు స్కోరు చూస్తానన్నా వదల్లేదు, రేపు పేపర్లో వస్తుందిగా అన్నాను. నా సంగతి మీలాంటి వాళ్ళకి చెప్పక్కర్లేదు, పాల కవర్లు కడిగి ఆరేసి దాచిన చేతులే కదా మనవన్నీ.

నా చదువు మూడో తరగతి. ఉయ్యూరు దగ్గర మా ఊళ్ళో కాలవ గట్టు మీద బడి, ఆ తర్వాత తమ్ముడు పుడితే వాడి ఉయ్యాల ఊపటానికి నన్ను మానిపించారు. చదవటం మాత్రం పోలేదు. పొట్లం కట్టిన కాగితం కూడా చదివాకే పారేస్తాను. రాతే రాలేదు. నా అక్షరాలు ఒకటి కొండెక్కితే ఒకటి గుంటలో పడతాయి. ఒకసారి పెళ్ళింట్లో చదివింపులు రాయటానికి మనిషి లేక నన్ను కూర్చోబెడితే, మగపెళ్ళి వారి తరఫు ఒకావిడ ఆ కాగితం పట్టుకుని, "ఇదేంటమ్మా, కోడి కెలికిందా?" అని పందిరంతా వినేట్టు నవ్వింది. ఆ తర్వాత సంతకం తప్ప ఇంకేదీ నలుగురి ముందు రాయలేదు.

కోడలు టైపు చేసిన శుభలేఖలు తప్పులు లేకుండా చూసిపెట్టటం నా పని. పక్కన పీట వేసుకుని చదువుతూ, దీర్ఘం పోయింది చూడు, ఒత్తు లేదు చూడు అంటూ, ఆ అమ్మాయి వేళ్ళు ఏ మీట మీద పడితే ఏ అక్షరం వస్తుందో నాకు తెలియకుండానే నేర్చేసుకున్నాను. మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించి ఉండేవి. ఒక మధ్యాహ్నం కోడలు ప్రెస్సుకి వెళ్ళినప్పుడు ముసుగు తీసి, ఒక్క వేలితో మా అమ్మ పేరు కొట్టాను. తెర మీద గుండ్రంగా, ముత్యాల్లాగా, ఏ పెళ్ళి వారూ నవ్వలేని అక్షరాలు. అంత వయసొచ్చిందాన్ని, కళ్ళు తుడుచుకున్నాను.

ఆ మాటే మా అక్కకి ఫోనులో చెప్పాను. మా అక్క మా ఊళ్ళోనే ఉండిపోయింది, బడి మొహం చూడలేదు, కానీ మా అమ్మ పాడిన పాటలన్నీ దాని గొంతులో ఉండేవి. పసుపు దంచేటప్పటివి, సీమంతంలో గాజులు తొడిగేటప్పటివి, బెల్లం పాకం కాగుతుంటే నిద్ర ఆపుకోటానికి పాడుకునేవి, పెళ్ళికూతుర్ని సాగనంపేవి. అవి ఏ పుస్తకంలోనూ లేవు. మా అమ్మ కొన్ని వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది, కొన్ని తనే కట్టుకుంది. "నేను పోతే ఇవి నాతోనే పోతాయే. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు రాయి" అంది అక్క. మూడో తరగతి చదువుని చదువన్నది లోకంలో మా అక్క ఒక్కతే.

అట్లా మొదలైంది. రోజూ అందరూ బయటికి పోయాక అక్క ఫోను చేసేది. చేసేది అక్కే, నేను చేస్తే నాకు డబ్బులవుతాయిగా. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, అక్క ఒక్కో ముక్క పాడితే నేను ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టేదాన్ని. "రాశావా?" అనేది. "ఆగవే, ఒత్తు కనపడట్లేదు" అనేదాన్ని. "నీ ఒత్తు దొరికేలోపు పెళ్ళికూతురు అత్తారింటికి పోయి కాపరం కూడా పెట్టేస్తుంది" అని నవ్వేది. దాచేటప్పుడు కంప్యూటరు పేరు అడుగుతుంది, అది ఇంగ్లీషులో పెట్టాలి, నాకు ఏం పెట్టాలో తెలియక మొదటి అక్షరం ‘ఏ’నే వరసగా నొక్కేశాను. ఆ పేరు ఎప్పుడూ అన్నిటికన్నా పైన కనపడేది, మర్నాడు వెతుక్కోటానికి సులువుగా ఉండేది. పని కాగానే ముసుగు కప్పి, కుర్చీ ఉన్నచోటికి జరిపి, ఏమీ ఎరగనట్టు బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చునేదాన్ని. ఇంటిల్లిపాదినీ కరెంటు దండగని లేపేసిన మనిషిని, నేనే మధ్యాహ్నాలు అక్కడ కూర్చుంటున్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

అంతలో శుభలేఖల తీరు మారింది. రంగురంగుల బొమ్మలతో కార్డులు కావాలన్నారు, ఆ బొమ్మలు వేసే కొత్త ప్రోగ్రాము మా కంప్యూటరు ఒప్పుకోలేదు. సిస్టం ముప్పై రెండు బిట్లదట, అది అరవై నాలుగు అడుగుతుందట. మాఘమాసం పెళ్ళిళ్ళు ముంచుకొస్తున్నాయి, ప్రెస్సు వాళ్ళు తొందర పెడుతున్నారు. కోడలు కొత్త సిస్టం సీడీ తెచ్చి తనే పెట్టుకుంది. దీని మీద అది ఎక్కదని కంప్యూటరు చెబుతూనే ఉంది, అయినా కోడలు ఇంకో దోవన ప్రయత్నం చేసింది, సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ పాడైందని ఆ అమ్మాయి ఎప్పటినుంచో మొత్తుకుంటుంటే, ఇంకొన్నాళ్ళు లాగుదామన్నది నేనే. కరెంటు వచ్చాక తెర నల్లగా అయిపోయి, నాలుగు తెల్ల అక్షరాలు చూపించి ఆరిపోవటం, మళ్ళీ వెలగటం, మళ్ళీ ఆరిపోవటం. కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. లోపల నా పాటలు కూడా ఉన్నాయని ఎవరికి తెలుసు?

కంప్యూటర్లు బాగుచేసే ఆయన వచ్చాడు. పెట్టె విప్పి దుమ్ము ఊదాడు, మెమరీ కార్డు తీసి దాని అంచుని రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాడు, లాభం లేకపోయింది. చివరికి లోపలి డిస్కు ఊడదీసి, వైరుతో తన ల్యాప్‌టాప్‌కి తగిలించి చూసి, సరుకంతా భద్రంగానే ఉందన్నాడు. "కాకపోతే ముప్పై రెండు నుంచి అరవై నాలుక్కి పైపైన మార్చటం కుదరదండీ. మొత్తం తుడిచేసి మొదట్నుంచీ వెయ్యాలి. కావాల్సినవేంటో చెప్పండి, ముందు తీసి పెడతాను" అన్నాడు. నాకు చప్పున అర్థమైంది. వేసవిలో మన కాలవలు కట్టేస్తారు చూడండి, పూడిక తియ్యాలన్నా వెడల్పు చెయ్యాలన్నా నీళ్ళు పారుతుండగా కుదరదు, అడుగు కనపడేదాకా ఎండబెట్టాల్సిందే. ఎండబెట్టాక చేపలూ ఉండవు, తామర దుంపలూ ఉండవు. కావాల్సినవాళ్ళు ముందే ఏరుకోవాలి.

కోడలు తన ఫైళ్ళు ఒక్కొక్కటీ చూపించింది, ఆయన తీసి పెట్టాడు. అన్నీ అయ్యాక, "పైన ఇదేదో ఉంది, పేరంతా ‘ఏ’లే. ఇవెవరివి?" అని తెరిచాడు. ఆయన దాంట్లో మా తెలుగు అక్షరాల ప్రోగ్రాము లేదు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, కొక్కేలు, డాలరు గుర్తులు. మా అమ్మ పాటలు అట్లా కనపడ్డాయి. ఆయన నవ్వాడు. "ఎవరో పిల్లలు మీటల మీద గెంతినట్టున్నారండీ." మా అబ్బాయీ నవ్వాడు. కోడలు మాత్రం వంగి చూసి, "కాదండీ, ఇది తెలుగే అయ్యుంటుంది. నేను ఇట్లాంటి పేర్లు పెట్టను మరి" అని, ఇంట్లో ఇంకెవరికి తెలుగు టైపు వచ్చా అన్నట్టు చుట్టూ చూసి, నా దగ్గర ఆగింది. "అత్తయ్యగారూ, మీవేమన్నానా?"

అడగటంలో వెటకారం లేదు. ఔనమ్మా నావే అంటే అయిపోయేది. కానీ ఆ క్షణాన నాకు పెళ్ళి పందిట్లో కోడి కెలికిన నా రాత కనపడింది. పాటలు రాస్తున్నావా అని కొడుకు నవ్వే నవ్వు ముందే వినపడింది. మాకు కరెంటు దండగా, నీకు కాదా అని పిల్లలు అడిగే మాట వినపడింది. "నాకేం తెలుసు? నేనేమన్నా కంప్యూటర్లు చదివానా?" అన్నాను కసురుకుంటున్నట్టు. పోనీ ఉంటే ఉండనివ్వండి, చోటేం పట్టదుగా అంది కోడలు, పాపం. అక్కడైనా ఊరుకోవచ్చుగా? పరువుగా మాట్లాడాలని గొంతు పెంచి, "చెత్తంతా కొత్తదాంట్లోకి ఎందుకమ్మా, తీసెయ్యమను" అన్నాను. పెద్దదాన్ని చెప్పానని ఆయన తీసేశాడు. రబ్బరు బ్యాండు కూడా పారెయ్యని చేతుల మనిషిని, మా అమ్మ గొంతుని చెత్తన్నాను.

కొత్త సిస్టం ఎక్కింది. ప్రింటరు మొరాయిస్తే దానికేదో తెచ్చి కదిలించాడు. పాత తెలుగు ప్రోగ్రాము ఇందులో పనిచెయ్యదని కొత్తది కొనిపించాడు, దాంట్లో అక్షరాల చోట్లే వేరు. కోడలు మీటల మీది పాత స్టిక్కర్లు గోటితో గీకి తీసేస్తుంటే నేను చూస్తూ నిలబడ్డాను. నా వేలికి వచ్చిన చదువు కూడా ఆ పూటతో పోయింది.

మర్నాడు మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. "ఎక్కడ ఆపామే మనం?" అంది. చెప్పలేకపోయాను. చెబితే మొదట్నుంచీ మళ్ళీ పాడేది, విసుక్కునే మనిషి కాదు, అది నాకు అప్పుడూ తెలుసు. పోయాయని చెప్పటానికి కాదు సిగ్గు, నేనే తీసెయ్యమన్నానని చెప్పటానికి. అందుకని అక్క పాడుతూ పోయింది, నేను వంటింటి గట్టు మీద కూర్చుని, ముందు ఏ మీటా లేకుండా, "ఊఁ, రాశాను" అంటూ పోయాను. కాగితం మీద రాసుకోవచ్చుగా అంటారేమో. క్యాలెండరు కాగితం వెనక మొదలుపెట్టాను, నా రాత చూసి నాకే అసహ్యం వేసి పొయ్యిలో పెట్టాను. నా ఒత్తు దొరకటానికి ఆగాల్సిన పని లేదు కాబట్టి పాటలు చకచకా అయిపోయాయి. "చెయ్యి తిరిగిందే నీకు" అని మెచ్చుకుంది అక్క.

ఆ తర్వాత అక్క ఎన్నాళ్ళో లేదు. అది పోయాక దాని మనవరాలి పెళ్ళి హనుమాన్ జంక్షన్‌లో చేశారు. అప్పగింతల వేళ అక్క కూతురు నా పక్కకి వచ్చి, "పిన్నీ, అమ్మమ్మ పాట పాడవా? మొత్తం మా చెల్లెలు కంప్యూటర్లో ఎక్కించిందని అమ్మ ఊరంతా చెప్పుకునేది" అంది. చుట్టూ ఆడవాళ్ళందరూ నా వంక తిరిగారు. ఎంత గౌరవంగా చూశారనుకున్నారు! రాగం గుర్తొచ్చింది, మాటలే గుర్తు రాలేదు. "అది చెడిపోయిందమ్మా, కంప్యూటరు" అన్నాను. నోరు లేని యంత్రం మీద పెట్టేశాను. పక్కనే ఉన్న మా కోడలు నన్నొకసారి చూసి తల వంచుకుంది. అప్పుడు అర్థమై ఉంటుంది ఆ అమ్మాయికి. ఇంతవరకూ ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే నాకు తేలికయ్యేది.

మొన్న మనవరాలు అడిగినప్పుడు చిక్కుడుకాయలు పక్కన పెట్టి ఇదంతా దానికి చెప్పాను. అది నవ్వలేదు. డిస్కు మీద తుడిచినవి ఇన్నాళ్ళకి తిరిగొస్తాయా అని కంప్యూటర్లో ఏదో వెతికి చూసి, రావులే నాయనమ్మా అంది. తర్వాత ఇప్పటి కంప్యూటర్ల సంగతి చెప్పింది. ఇప్పుడు తెలుగు ఏ యంత్రంలో తెరిచినా తెలుగులాగే కనపడుతుందట, చుక్కలూ కొక్కేలూ కావట. మంచిదే. ఆనాడే అట్లా ఉండి ఉంటే ఆయన తెరవగానే మా కోడలు పైకి చదివేసేది, మా అమ్మ మాట హాల్లో వినపడేది, నాకు కాదనటానికి సందు దొరికేది కాదు. ఇప్పుడు నోటితో చెప్పినా అదే రాసుకుంటుంది, కోడి కెలుకుడు రాతలకి నవ్వేవాళ్ళు లేరు, ముసలివాళ్ళు ఏం రాసుకున్నా వింతగా చూసేవాళ్ళూ లేరు. అన్ని సులువులూ వచ్చాయి, చెప్పే గొంతు లేకుండా పోయాక.

కొత్తది ఎక్కించటం నాలుగు రోజులు ఆపమన్నాను. రోజూ మధ్యాహ్నం, అందరూ ఇంట్లో ఉండగానే, ముసుగు తీసి, అక్షరాల చోట్లు మనవరాలు చూపిస్తుంటే, మీరు చదువుతున్న ఇదంతా ఒక్క వేలితో కొట్టాను. ఇవాళ అయిందన్నాను. ఏం పేరు పెట్టమంటావు నాయనమ్మా అంది మనవరాలు. "అక్క పాటలు" అని పెట్టమన్నాను. లోపల ఒక్క పాట కూడా లేదుగా అంది. లేదు, అయినా అదే పెట్టమన్నాను.