ఆఖరి రోజు అప్పీలు

ఒహాయోలో మా అప్పీలు కోర్టు కౌంటర్లో డెల్మా ప్రూట్‌ది ఇరవై రెండేళ్ల సర్వీసు. ఒక సాయంత్రం ఐదింటికి పది నిమిషాలుందనగా హస్కిన్స్ అనే లారీ డ్రైవరు అప్పీలు కాగితం పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. కూతుర్ని తల్లికి అప్పగించిన తీర్పు మీద అప్పీలుకు అదే ఆఖరి రోజు.

"ముద్ర వేయండి మేడమ్!"

"ఇక్కడ కాదు బాబూ. తీర్పిచ్చిన కోర్టులోనే ఇవ్వాలి."

"నన్ను ఓడించినోళ్ల దగ్గరికే మళ్లీ పోవాలా?"

"రూలంతే. రెండు వీధులవతల. ఐదింటికి మూసేస్తారు, పరిగెత్తు!"

రెండు నిమిషాలుండగా అందించాడట.

ఏడు నెలలకు మా ముగ్గురు జడ్జీలు కింది కోర్టు కాగితాలు తిరగేసి తీర్పు సబబేనన్నారు. కొత్తగా సాక్షుల్ని పిలవడం వాళ్ల పని కాదు. కూతుర్ని ఎవరూ అడగలేదు.

హస్కిన్స్ ఆ రోజు బతిమాలిన ముద్ర, డెల్మా ఈ జడ్జీల తీర్పు కాగితం మీద కొట్టింది.